హంతకుడు దొరక్కుండానే శుభం కార్డు

ఇవాళ హత్యల సినిమాల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఒక్క సంగతి. రెండున్నర గంటలు కళ్లార్పకుండా చూశాం. ఇప్పుడు తెలుస్తుంది, ఇంకాసేపట్లో తెలుస్తుంది అని సీటు అంచుకి జరిగి కూర్చున్నాం. అంతలో హంతకుడెవరో చెప్పకుండానే తెర మీద పేర్లు పడటం మొదలైంది. హాల్లో లైట్లు వెలిగాయి. చెప్పండి, అది మనకి న్యాయమేనా?

“న్యాయమెలా అవుతుందండీ? డబ్బులిచ్చి టికెట్ కొన్నది ఎవరు చంపారో తెలుసుకోడానికేగా?” అని మీలో సగం మంది ఈపాటికే అనేసి ఉంటారు. ఆ మాటని నేను తేలిగ్గా తీసెయ్యను. మనం పెరిగిన తీరే అది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల చేతికి దొరికితే ఆఖరి పేజీ దాకా దీపం ఆర్పని తరం ఒకటుంది మనకి. 1985లో వంశీ గారి ‘అన్వేషణ’ చూసినవాళ్లు అడవిలో ప్రతి ఆకు చప్పుడుకీ ఉలిక్కిపడుతూనే, చివరికి అసలు మనిషి బయటపడతాడన్న ధీమాతో కూర్చున్నారు. బయటపడ్డాడు కూడా. ముడి వేసినవాడే విప్పాలన్నది కథ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఎప్పటినుంచో ఉన్న ఒప్పందం.

దగ్గరి సంగతే చూడండి. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం ఒక హత్య దగ్గర ఆగింది. చంపినవాడెవరో చూపించారు, ఎందుకు చంపాడో దాచారు. 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా టీ కొట్ల దగ్గరా, పెళ్లి పందిళ్లలోనూ, రైలు పెట్టెల్లోనూ అదే ప్రశ్న. జనం ఓపిక పట్టారు. ఎందుకంటే జవాబు ఉందనీ, వస్తుందనీ వాళ్లకి తెలుసు. అది వాయిదా వేసిన బాకీ. అసలు తీర్చే పనే పెట్టుకోని సినిమాల మాటేమిటి? మన చర్చంతా వాటి మీదే.

ఈ వాదనలో నా వైపు సాక్ష్యం చెప్పడానికి ఒక కొరియా సినిమాని పిలుస్తాను. ‘పారసైట్’తో ఆస్కార్ గెలుచుకున్న బాంగ్ జూన్ హో, అంతకు చాలా ముందు 2003లో తీసిన ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’. దర్శకుడిగా ఆయనకది రెండో సినిమా. చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెబుతున్నాను, చివరిదాకా కథంతా చెప్పేస్తాను. ముగింపు మంచిదా కాదా అని తేల్చుకోడానికి కూర్చున్నాక ముగింపుని దాచుకోలేం కదా.

సియోల్‌కి దక్షిణాన హ్వాసంగ్ అనే ప్రాంతం ఉంది. ఆ రోజుల్లో అక్కడ ఎటు చూసినా వరి చేలు, మట్టి దారులు. 1986 సెప్టెంబరు నుంచి 1991 ఏప్రిల్ మధ్య అక్కడ 10 మంది ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు హత్యకి గురయ్యారు. 13 ఏళ్ల బడి పిల్లల దగ్గర్నుంచి 71 ఏళ్ల వృద్ధురాలి దాకా. పోలీసులు 20 వేలకి పైగా మనుషుల్ని విచారించారు. హంతకుడు దొరకలేదు. ఈ కేసు మీద వచ్చిన ఒక నాటకం ఆధారంగా బాంగ్ సినిమా తీసేనాటికి కూడా వాడెవరో తెలియదు.

ఇలాంటప్పుడు దర్శకుడి ముందు ఒక సులువైన దారి ఉంటుంది. ఎవరో ఒక కల్పిత పాత్రని హంతకుడిగా నిలబెట్టి, చివరి పది నిమిషాల్లో ఒక ఛేజింగ్ పెట్టి, సంకెళ్లు వేయించెయ్యడం. మనం ఈల వేసి ఇంటికి వెళ్లిపోతాం. బాంగ్ ఆ దారి తొక్కలేదు. మరి ఏం చేశాడు?

ఇద్దరు డిటెక్టివ్‌లని మన ముందు పెట్టాడు. ఊరి స్టేషన్‌లో పనిచేసే పార్క్ ఒకడు. ఆ పాత్ర వేసింది సాంగ్ కాంగ్ హో. మనిషి కళ్లలోకి చూస్తే చాలు, నేరం చేసిందీ లేనిదీ చెప్పెయ్యగలనని పార్క్ నమ్మకం. రెండోవాడు సియోల్ నుంచి వచ్చిన సియో. కాగితాలు అబద్ధం చెప్పవన్నది అతని సిద్ధాంతం. పార్క్ చేసే పని చూడండి. బుద్ధి ఎదగని ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చి, కొట్టి, వాడి బూటుతో తనే అడుగుజాడ వేసి సాక్ష్యం పుట్టిస్తాడు. ఆ కుర్రాడు హంతకుడు కాదు, హత్యని కళ్లారా చూసినవాడు. ఆ సంగతి వీళ్లకి అర్థమయ్యేసరికి వాడు రైలు కింద పడి చనిపోతాడు. హత్యని చూసిన ఒక్క సాక్షినీ పోలీసులే చేజేతులా పోగొట్టుకున్నారు.

మరో రాత్రి సంగతి. వాన పడుతోంది. రేడియోలో ఫలానా పాట వస్తోంది. ఆ పాట వచ్చిన వాన రాత్రుల్లోనే హత్యలు జరుగుతున్నాయని వీళ్లు అప్పటికి కనిపెట్టారు. ఇవాళ కూడా జరుగుతుందని తెలిసి, కాపలాకి బలగాల్ని పంపమని పైవాళ్లకి ఫోన్ చేస్తారు. వాళ్లంతా ప్రదర్శనలు అణచడానికి వెళ్లారు, ఎవరూ లేరని జవాబు వస్తుంది. అది చున్ డూ హ్వాన్ నియంతృత్వం నడుస్తున్న కాలం. ఇంకోసారి పౌర రక్షణ డ్రిల్ అని సైరన్ మోగుతుంది. ఊళ్లో దుకాణాల షట్టర్లు దిగుతాయి, దీపాలు ఆరిపోతాయి. ఆ చీకట్లోనే ఒక పిల్ల ప్రాణం పోతుంది.

ఇప్పుడు చెప్పండి. ఎవరు చంపారన్నది ఈ సినిమా చెప్పలేదు, నిజమే. ఎందుకు పట్టుకోలేకపోయారన్నది మాత్రం దాపరికం లేకుండా చెప్పింది. జనాన్ని కాపాడాల్సిన లాఠీలన్నీ జనం మీదికే మళ్లితే, చీకట్లో ఒంటరిగా ఇంటికి నడిచే ఆడపిల్లకి దిక్కెవరు? మొదటి అరగంట నుంచీ సినిమా ఈ ప్రశ్ననే తవ్వుతూ వచ్చింది. దానికి జవాబు ఇచ్చింది. నా వాదన ఇదేనండీ. ముడి విప్పని సినిమా మనల్ని తృప్తిపరచాలంటే, నేరం చుట్టూ తను లేపిన మిగతా ప్రశ్నలన్నిటికీ లెక్క చెప్పి తీరాలి. ఒక్క పేరు తప్ప ఇంకేదీ బాకీ పెట్టకూడదు.

మనుషుల లెక్క కూడా తేల్చింది. చివర్లో అనుమానం అంతా ఒక కుర్రాడి మీదికి వస్తుంది. మెత్తని చేతులు, నెమ్మదైన మాట. రేడియోకి ఆ పాట వెయ్యమని ఉత్తరాలు రాసింది అతనే. నమూనా డీఎన్ఏ పరీక్ష కోసం అమెరికా వెళ్లింది. రైలు సొరంగం ముందు, జోరు వానలో ఆ కవరు వస్తుంది. సరిపోలలేదని ఉంటుంది అందులో. కాగితాలు అబద్ధం చెప్పవన్న సియో ఆ కాగితాన్ని నమ్మలేక తుపాకీ ఎత్తుతాడు. కళ్లు చూసి చెప్పెయ్యగలనన్న పార్క్, ఆ కుర్రాడి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లలోకి చూసి, తనకేమీ తెలియడం లేదని ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, వేళకి తింటున్నావా అని అడుగుతాడు! ఇద్దరి నమ్మకాలూ అక్కడే కూలిపోయాయి. ఒక కథ పూర్తయిందనడానికి ఇంకేం కావాలి?

ఆఖరి దృశ్యం 2003లో జరుగుతుంది. పార్క్ పోలీసు ఉద్యోగం ఏనాడో వదిలేశాడు. జ్యూసర్ల వ్యాపారం చేసుకుంటున్నాడు. దారిలో, మొదటి శవం దొరికిన చేను గట్టు దగ్గర కారు ఆపి, ఆ కాలవలోకి తొంగి చూస్తాడు. అటుగా వచ్చిన ఒక చిన్న పిల్ల, కొన్నాళ్ల కిందట ఇంకొకాయన కూడా ఇలాగే చూశాడని చెబుతుంది. ఎలా ఉన్నాడంటే, మామూలుగా ఉన్నాడంటుంది. పార్క్ తలెత్తి నేరుగా కెమెరాలోకి, అంటే మన కళ్లలోకి చూస్తాడు. హంతకుడు ఎక్కడో బతికే ఉన్నాడనీ, ఏదో ఒక రోజు ఈ సినిమా చూస్తాడనీ, అప్పుడు ఆ డిటెక్టివ్ చూపు వాడి చూపుని పట్టుకోవాలనీ ఆ షాట్ పెట్టానని బాంగ్ తర్వాత చెప్పాడు.

ప్రేక్షకులు ఊరుకుంటారా అంటారా? కొరియాలో 50 లక్షలకి పైగా టికెట్లు తెగాయి. ఆ ఏడాది అక్కడ అందరికంటే ఎక్కువ మంది చూసిన కొరియన్ సినిమా అదే.

అయితే అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. 2019 సెప్టెంబరులో, పాత సాక్ష్యాల మీద మిగిలిన డీఎన్ఏని మళ్లీ పరీక్షిస్తే ఒక పేరు బయటపడింది. లీ చున్ జే. అప్పటికే అతను జైల్లో ఉన్నాడు. 1994లో మరదల్ని చంపిన కేసులో యావజ్జీవం పడింది. హ్వాసంగ్ హత్యలన్నీ తనవేననీ, మొత్తం 14 మందిని చంపాననీ ఒప్పుకున్నాడు. కానీ కాలపరిమితి 2006తోనే తీరిపోవడంతో ఆ హత్యలకి అతన్ని శిక్షించడం కుదరలేదు. 2020లో కోర్టులో సాక్ష్యమిస్తూ, ఆ సినిమా జైల్లో చూశాననీ, ఏమీ అనిపించలేదనీ చెప్పాడు.

అంటే దర్శకుడు కోరుకున్నట్టే ఆ రెండు చూపులూ కలిశాయి. వాడిలో మాత్రం ఏ చలనమూ లేదు. ఇది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత ఒకటి తోచింది. ఆ చూపు వాడొక్కడి కోసం పెట్టింది కాదు. మామూలు మొహం అని ఆ పిల్ల చెప్పిన మాట విన్నాక హాల్లో ఉన్న ప్రతి మనిషీ పక్క సీటు వైపు ఒకసారి చూసి ఉంటాడు. చూపు తగలాల్సింది మనకి. తగిలింది.

ఇంకో సంగతి వినండి. ఆ హత్యల్లో ఎనిమిదోది 1988లో జరిగింది. దాన్ని మాత్రం ఆ హంతకుడు కాక వేరొకరు చేశారని పోలీసులు అన్నారు, ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. పోలియో వచ్చి కాలు సరిగా లేని మనిషి. నిద్రపోనివ్వకుండా, హింసించి ఒప్పించారు. దాదాపు 20 ఏళ్లు జైల్లో గడిపాడు. 2020 డిసెంబరులో కోర్టు అతను నిర్దోషి అని ప్రకటించింది. సినిమాలో పార్క్ బృందం చేసిన పనులు గుర్తు తెచ్చుకోండి. కొట్టి ఒప్పించడం, సాక్ష్యం పుట్టించడం. నిజం కోర్టులో తేలడానికి 17 ఏళ్ల ముందే ఆ సినిమా వేలెత్తి చూపించింది.

ఒకవేళ బాంగ్ మన కోరిక తీర్చి, ఆ మెత్తని చేతుల కుర్రాడే హంతకుడని ముగించి ఉంటే? అప్పటి పోలీసులు చేసిన తప్పే సినిమా కూడా చేసి ఉండేది. ఎవరో ఒకరు దోషిగా దొరకాలన్న ఆత్రమే ఒక అమాయకుడి యవ్వనాన్ని మింగేసింది. హాల్లో కూర్చున్న మనలోనూ ఉన్నది ఆ ఆత్రమే. సొరంగం ముందు సియో తుపాకీ ఎత్తినప్పుడు, కాల్చెయ్యాలని మనకి కూడా అనిపిస్తుంది. నిజం చెప్పండి, అనిపించదూ? అనిపించేలా చేసి, ఆ కాగితం చూపించి, మనల్ని ఆపిన సినిమా అది. మనకి చేసిన అన్యాయమని దాన్ని ఎలా అంటాం?

“అది కొరియా సంగతి. అన్ని చోట్లా అలా ఆదరిస్తారా?” అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. 2007లో డేవిడ్ ఫించర్ ‘జోడియాక్’ తీశాడు. 1968, 69లలో ఉత్తర కాలిఫోర్నియాలో మనుషుల్ని చంపుతూ, పత్రికలకి సంకేత లిపిలో ఉత్తరాలు రాసిన హంతకుడి కథ. అదీ తేలని కేసే. ఒక పత్రికలో కార్టూన్లు వేసుకునే రాబర్ట్ గ్రేస్మిత్ ఏళ్ల తరబడి ఆ కేసు వెంట పడి, సంసారం కూడా పాడు చేసుకుంటాడు. చివరికి తను అనుమానించిన మనిషి పనిచేసే హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి, అతని మొహంలోకి కాసేపు చూసి బయటికి వచ్చేస్తాడు. సినిమా ఆఖర్న తెర మీద కొన్ని వాక్యాలు పడతాయి. ఆ మనిషి చనిపోయాడనీ, డీఎన్ఏ సరిపోలలేదనీ.

ఈ సినిమాకి దాదాపు 65 మిలియన్ డాలర్లు ఖర్చయితే, అమెరికా హాళ్లలో వచ్చింది 33 మిలియన్ల చిల్లర. జనం తిరగ్గొట్టారనే చెప్పాలి. మీ వాదనకి ఇది బలమే, ఒప్పుకోవాలి. అయితే 2016లో బీబీసీ ప్రపంచవ్యాప్తంగా విమర్శకుల్ని అడిగి 21వ శతాబ్దపు గొప్ప సినిమాల జాబితా వేస్తే, ‘జోడియాక్’కి 12వ స్థానం దక్కింది. ఆ తొమ్మిదేళ్లలో సినిమా మారలేదు, చూసేవాళ్లు దాని దగ్గరికి వచ్చారు. తృప్తి రెండు రకాలుగా వస్తుందని నేననుకుంటాను. హాల్లోంచి బయటికి వస్తుండగానే కలిగేది ఒకటి. పదే పదే తలచుకుని, ఇంకోసారి చూసి, ఇంకొకరితో వాదించి సంపాదించుకునేది ఇంకొకటి. ముడి విప్పని సినిమాలు రెండోదాన్ని ఇస్తాయి. శుక్రవారం వసూళ్లు ఆ రెండో రకాన్ని కొలవలేవు.

స్విట్జర్లాండ్ రచయిత ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ పడిన మథనం కూడా చెప్పాలి మీకు. పిల్లల్ని చంపే హంతకుడి మీద ఒక సినిమాకి ఆయన కథ రాశాడు. 1958లో వచ్చిన ఆ సినిమాలో హంతకుడు పట్టుబడతాడు. ఆయనకి మనసు ఒప్పలేదు. అదే కథని ‘ప్రమాణం’ అన్న అర్థం వచ్చే పేరుతో నవలగా మళ్లీ రాశాడు. అందులో డిటెక్టివ్ వేసిన అంచనా అక్షరాలా సరైనదే. వల పన్ని కాపు కాస్తాడు. హంతకుడు ఆ వల వైపే వస్తూ దారిలో కారు ప్రమాదంలో చనిపోతాడు. ఆ సంగతి తెలియని డిటెక్టివ్ ఎదురుచూస్తూ, చూస్తూ మతి చెడి అక్కడే మిగిలిపోతాడు. 2001లో షాన్ పెన్, జాక్ నికల్సన్‌ని పెట్టి ఈ నవలని సినిమాగా తీశాడు. తెలివైనవాడు ఎప్పుడూ గెలుస్తాడన్న డిటెక్టివ్ కథల లెక్కలో లోకం నడవదని చెప్పాలన్నదే రచయిత తపన. ఇక్కడ మనకి అంతా తెలుసు. తెలియనిది ఆ ఒక్కడికే. మన గుండె పిండేది కూడా అదే.

దీనికి దగ్గరగానే ఉంటుంది మన ‘దృశ్యం’. 2014లో వెంకటేష్ గారు చేసింది. శవం ఎక్కడుందో పోలీసులకి తెలియదు. కేసు ఫైలు ప్రకారం చూస్తే అదీ తేలని నేరమే! కానీ పోలీస్ స్టేషన్ గచ్చు కింద ఏముందో మనకి తెలుసు కాబట్టి ఎవరూ వెలితి పడలేదు. చట్టానికి జవాబు దొరకకపోయినా ఫర్వాలేదనుకున్నాం, మనకి దొరికితే చాలనుకున్నాం. అంటే మనం అనుకునేంతగా శిక్ష కోసం ఆరాటపడే ప్రేక్షకులం కాదు. మనల్ని లోపలి మనుషులుగా చూడాలని, మన దగ్గర దాపరికం ఉండకూడదని కోరుకుంటాం. ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ ఆ నియమాన్నీ తప్పలేదు. డిటెక్టివ్‌లకి తెలిసినంత మనకీ తెలుసు, వాళ్లకి తెలియనిది దర్శకుడికీ తెలియదు. దాచిపెట్టింది ఏమీ లేదు.

మరి ఏది మోసం? దాని గురించి కూడా గట్టిగానే చెప్పాలి. కథని ఎలా ముగించాలో తోచక, మీరే ఊహించుకోండి అని వదిలెయ్యడం మోసం. దారి పొడుగునా పది ఆధారాలు చూపించి, వాటిలో ఆరింటిని మర్చిపోవడం మోసం. పేరు తెలిసి కూడా, వచ్చే భాగానికి గిరాకీ కోసం నొక్కిపెట్టి దాన్ని కళ అనడం మోసం. ఇలాంటివి చూసి ప్రేక్షకుడికి కోపం వస్తే, ఆ కోపం వెనక నేను నిలబడతాను. తేలని ముగింపుకి తేలిన ముగింపు కంటే ఎక్కువ పనితనం కావాలి. ఆఖర్లో సంకెళ్లు పడితే మధ్యలో జరిగిన ఎన్నో తప్పులు మనం క్షమించేస్తాం. సంకెళ్లు లేనప్పుడు ప్రతి దృశ్యం తన కాళ్ల మీద తను నిలబడాలి.

తేడా తెలుసుకోడానికి ఒక పరీక్ష ఉంది. హంతకుడి పేరు బయటినుంచి ఎవరైనా తెచ్చి మనకి ఇచ్చేశారనుకోండి. అప్పుడు సినిమా ఏమవుతుంది? మోసం చేసిన సినిమా అయితే ఆ పేరుతో దాని పని అయిపోతుంది, మళ్లీ చూడబుద్ధి కాదు. ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’కి ఈ పరీక్ష నిజంగానే జరిగింది. 2019 నుంచి ఆ పేరు లోకానికంతా తెలుసు. తెలిసి ఇప్పుడు చూసినా ఆ సొరంగం ముందు ఊపిరి బిగపట్టే చూస్తాం. ఆ కుర్రాడు నిర్దోషి అయి ఉండొచ్చన్న ఎరుక ఇప్పుడు ఇంకా బరువుగా ఉంటుంది. జవాబు వచ్చాక బలం పెరిగిన సినిమా అది. దాని ప్రాణం ఆ పేరులో లేదనడానికి ఇంతకంటే రుజువు ఏముంటుంది?

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. నిజంగా జరిగిన హత్యల మీద సినిమా తీసినప్పుడు, హాల్లో కూర్చున్న మనతో పాటు ఇంకొందరు ప్రేక్షకులు ఉంటారు. పోయినవాళ్ల తల్లులు, తండ్రులు, అక్కచెల్లెళ్లు. హ్వాసంగ్ కుటుంబాలు ఆ పేరు వినడానికి సుమారు 30 ఏళ్లు ఎదురుచూశాయి. కొందరు వినకుండానే వెళ్లిపోయి ఉంటారు. వాళ్లకి దొరకని ముగింపుని మన రెండు గంటల కాలక్షేపం కోసం అబద్ధమాడి తయారుచెయ్యడం తప్పని నా గట్టి నమ్మకం. వాళ్ల వేదన తేలలేదు, కాబట్టి మీరూ ఆ తేలనితనాన్ని కాసేపు మోయండి అని సినిమా మనల్ని అడుగుతోంది. అది అడగదగిన మాటే, మనం మోయగలిగినదే.

కాబట్టి ఈసారి ఇలాంటి సినిమా చూసి హాల్లోంచి వస్తూ, చెప్పకుండా ముగించేశాడేమిటని చిరాకు కలిగితే, పక్కనున్న మనిషితో ఆ చిరాకు గురించే మాట్లాడండి. పేరు తప్ప ఇంకేం బాకీ పెట్టాడో ఇద్దరూ కలిసి లెక్క వెయ్యండి. బాకీలు మిగిలి ఉంటే దర్శకుణ్ణి మొహమాటం లేకుండా నిలదీయండి. ఏ బాకీ కనబడకపోతే, ఆ సినిమాని ఇంకొకరికి చూపించండి. నాకు తెలిసి మంచి సినిమాకి ప్రేక్షకుడు చెయ్యగలిగిన గౌరవం అదే.